ఒక ముద్ర, పలు దేశములు

అంగడికి పోయి బియ్యము కొనువాడు తూనికరాతిని తాను మరల తూచి చూడడు. రాతిపైనున్న ప్రభుత్వ ముద్రను చూచి నమ్మును. ఆ ముద్రయే లేనిచో ప్రతి గృహస్థుడును ఒక త్రాసును, ఒక రాతిని వెంటగొని అంగడికి పోవలసి వచ్చును. కొనువానికిని అమ్మువానికిని నడుమ నిలిచి, కంటికి కనబడని గుణమును గూర్చి మూడవవాడొకడు పలుకు సాక్ష్యమే ముద్ర. ఆ మూడవవాడు లేని ముద్ర ఎంతకాలము నిలుచును? దేశదేశములు కలిసి ఒకే ముద్రను నమ్మవలెనన్న ఏమేమి కావలెను? ఈ ప్రశ్నలకు సమాధానము ఇటీవలి చరిత్రలో ఒకచోట చక్కగా దొరకుచున్నది. అది కార్యాలయములలోని కంప్యూటర్లకును, ప్రింటర్లకును, కాపీ యంత్రములకును వేసిన ‘ఎనర్జీ స్టార్’ అను ముద్ర చరిత్ర.

మొదట ఒక మాట స్పష్టము చేయవలెను. మన యిండ్లలోని రిఫ్రిజిరేటర్ల మీదను, ఏసీల మీదను కనబడు నక్షత్రముల చీటి వేరు, ఈ ముద్ర వేరు. మన చీటి భారత ప్రభుత్వమువారి ఇంధన సామర్థ్య బ్యూరో 2006లో ప్రారంభించినది. అందు ఒకటి మొదలు ఐదు వఱకు నక్షత్రములుండును. ఎన్ని ఎక్కువైన అంత పొదుపు. ఎనర్జీ స్టార్ ముద్రలో తరగతులు లేవు. నిర్ణయించిన హద్దులో ఇమిడిన యంత్రమునకు ముద్ర కలదు. ఇమడని దానికి లేదు. పరీక్షలో ఉత్తీర్ణుడా కాదా అని చెప్పుట వంటిది.

ఇట్టి ముద్ర అవసరము ఎట్లు కలిగినది? 1980వ దశాబ్దిలో అమెరికా, ఐరోపా, జపాను కార్యాలయములలో టైపు యంత్రములు తొలగి వాని స్థానమున కంప్యూటర్లు వచ్చి చేరెను. బల్లకొక కంప్యూటరు, గదికొక ప్రింటరు, అంతస్తునకొక కాపీ యంత్రము. చేతితో నడుపు టైపు యంత్రము మనిషి లేచిపోగానే ఊరకుండును. కంప్యూటరట్లు కాదు. మీట నొక్కి ఆర్పువఱకు, ఎదుట మనిషి ఉన్నను లేకున్నను, అది విద్యుత్తును గ్రహించుచునే యుండును. ఉద్యోగి కాఫీకి పోయినను, సభకు పోయినను, రాత్రి యింటికి పోయినను తెర వెలుగుచునే యుండెడిది. మరల వెలిగించిన సిద్ధమగుటకు ఆలస్యమగునని కొందఱు, మాటిమాటికి ఆర్పిన యంత్రము చెడునని కొందఱు, దానిని ఆర్పెడివారు కారు. కంప్యూటరు వెలిగియున్న కాలములో ఐదింట నాలుగు పాళ్లు ఎవ్వరును వాడకయే గడచుచున్నదనియు, నూటికి ముప్పది నలువది యంత్రములు రాత్రులందును సెలవు దినములందును వెలుగుచునే యున్నవనియు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ కాలమున ప్రకటించెను.

కూర్చుండి తిన్న కొండలైనను తరుగునని మన సామెత. ఆ నష్టమెంతయో చిన్న లెక్కతో చూడవచ్చును. నూఱు వాట్ల దీపము పది గంటలు వెలిగిన ఒక యూనిటు ఖర్చగును. కంప్యూటరును దాని గాజుతెరయు కలిసి నూటయేబది వాట్లు వాడునని అనుకొందము. సాయంకాలము ఆఱు గంటలు మొదలు ఉదయము ఎనిమిది గంటల వఱకు వెలిగియున్న రెండు యూనిట్లకు పైగా హరించును. వేయి యంత్రములున్న కార్యాలయమున ఒక్క రాత్రికి 2100 యూనిట్లు! అదియు ఏ పనియు చేయకుండ. ఆ విద్యుత్తులో అధికభాగము బొగ్గును మండించి పుట్టించినది. కావున ఖర్చగునది ధనము మాత్రమే కాదు. పొగగొట్టముల నుండి బొగ్గుపులుసు వాయువు కూడ ఆకాశమున కెక్కుచుండెను. వాతావరణము వేడెక్కుటను గూర్చి లోకమునకు భయము పుట్టి, రియో నగరమున దేశములన్నియు సమావేశమైన 1992వ సంవత్సరముననే ఈ ముద్రయు పుట్టినది.

దానిని ప్రారంభించినవారు పైని చెప్పిన పర్యావరణ పరిరక్షణ సంస్థవారు. అందు ముఖ్యుడు జాన్ హాఫ్మన్. చట్టము చేసి యంత్ర నిర్మాతలను నిర్బంధించుట వారి పద్ధతి కాలేదు. కంప్యూటరు నమూనాలు ఏటేటికి మాఱుచుండును. చట్టసభలో ఒక నిబంధన వెలువడులోపల అది వర్తింపవలసిన యంత్రమే బజారునుండి తొలగిపోవును. అందుచేత వారు నిర్మాతలతో స్వచ్ఛందమైన ఒడంబడిక చేసికొనిరి. కొంతసేపు ఎవ్వరును తాకనిచో కంప్యూటరు తనంతట తాను నిద్రావస్థకు పోయి 30 వాట్లకు మించి వాడరాదు. తెరకును అంతే హద్దు. అట్లు చేసిన యంత్రముపై నిర్మాత ముద్ర వేసికొనవచ్చును. వెనుకటి లెక్కనే మరల చూచిన, కంప్యూటరు ముప్పది, తెర ముప్పది, వెరసి 60 వాట్లు. వేయి యంత్రముల రాత్రి ఖర్చు 2100 యూనిట్లనుండి 840 యూనిట్లకు దిగును.

ఈ నిద్ర కొత్తగా కనిపెట్టవలసినది కాదు. ఒడిలో పెట్టుకొని పనిచేయు చిన్న కంప్యూటర్లు బ్యాటరీపై నడచును గనుక, వానిలో విద్యుత్తును పొదుపు చేయు ఉపాయములు అప్పటికే కలవు. బ్యాటరీ త్వరగా అడుగంటునని అక్కడ పొదుపు చేసిరి. బల్లపై కంప్యూటరునకు గోడనుండి విద్యుత్తు ఎడతెగక వచ్చును గనుక ఎవ్వరును పట్టించుకొనలేదు. ఉపాయము ఉండియు వాడకపోవుటకు కారణము, అడుగువారు లేకపోవుటయే. ముద్ర చేసిన మొదటి మేలు, అడుగువారిని పుట్టించుట.

అడిగినవారిలో అందఱికంటె పెద్దవాడు అమెరికా ప్రభుత్వమే. 1993 ఏప్రిలులో అధ్యక్షుడు క్లింటను ఒక ఉత్తర్వు జారీచేసి, ప్రభుత్వ శాఖలు కొను కంప్యూటర్లు, తెరలు, ప్రింటర్లు ఈ ముద్ర కలవియై యుండవలెనని శాసించెను. ముద్ర వేసికొనుట నిర్మాత యిచ్ఛ. కాని ముద్ర లేనిచో అంత పెద్ద గిరాకి పోవును. ఇక ఏ వర్తకుడు వెనుకాడును? త్వరలోనే కంప్యూటరును వెలిగింపగానే నల్లని తెరపై ఒక మూల ఆ నక్షత్రపు చిహ్నము కనబడుట సామాన్యమయ్యెను. 1994లో ఫ్యాక్సు యంత్రములకును, 1995లో కాపీ యంత్రములకును ముద్ర విస్తరించెను.

కాపీ యంత్రముల చిక్కు వేరు. వానిలో నల్లని పొడిని కాగితముపై కరగించి అంటించుటకు ఒక వేడి దొర్లుడు కడ్డీ యుండును. ఎప్పుడెవ్వరు కాగితము తెచ్చినను వెంటనే నకలు తీయుటకు ఆ కడ్డీని దినమంతయు కాల్చియుంచెడివారు. పొయ్యి ఆర్పిన మరల రాజుకొనుటకు ఆలస్యము. ఆర్పకున్న కట్టెలు దండుగ. ఈ చిక్కును విప్పుటకు అంతర్జాతీయ ఇంధన సంస్థ పక్షమున కొన్ని దేశములు కలిసి, త్వరగా మేల్కొను కాపీ యంత్రమును చేసినవారికి బహుమానమని 1990వ దశాబ్ది చివర పోటీ పెట్టిరి. జపాను దేశపు రికో సంస్థ ఆ గౌరవము నందెను. పలుచని కడ్డీ త్వరగా వేడెక్కునను సూత్రముపై, నిద్రనుండి పది సెకండ్లలో మేల్కొను యంత్రములను ఆ సంస్థ తరువాత విక్రయించెను.

ఇక ముద్ర అమెరికా పొలిమేర దాటిన కథ చెప్పవలెను. నిజమునకు ఆలోచన ఒక్క అమెరికాదే కాదు. జర్మనీలో ‘నీలి దేవదూత’ అను పర్యావరణ ముద్ర 1978నుండియే కలదు. స్వీడను దేశమున బల్లల ముందు కూర్చుండి పనిచేయు ఉద్యోగుల సమాఖ్యయైన టీసీఓ, 1992లో కంప్యూటరు తెరలకు తన సొంత ముద్రను నెలకొల్పెను. తెరనుండి వెలువడు క్షేత్రములు పనివారికి హాని చేయకుండుటయు, వాడనపుడు తెర తనంతట తాను విశ్రమించుటయు దాని నియమములు. ఉద్యోగ సంఘము యంత్రములకు పరీక్ష పెట్టుట చరిత్రలో అరుదైన విషయము. అటు నిర్మాతలును తమలో తాము ఒక ఒప్పందమునకు వచ్చిరి. తెరను ఒకరు, కంప్యూటరును మఱొకరు చేయుదురు. కంప్యూటరు ‘నిద్రపొమ్ము’ అనిన తెరకు అర్థము కావలెను గదా! ఆ సంకేత భాషను 1993లో నిర్మాతల సంఘమొకటి నిర్ణయించినది.

ఈ విధముగా దేశమునకొక ముద్ర బయలుదేరుచుండగా నిర్మాతలకు చిక్కు మొదలయ్యెను. ఒకే కర్మాగారమున తయారైన ప్రింటరు ఇరువది దేశములలో అమ్ముడుపోవును. ఒక్కొక్క దేశము ఒక్కొక్క హద్దును, ఒక్కొక్క పరీక్షను, ఒక్కొక్క చీటిని కోరిన, పరీక్షల ఖర్చే పెరుగును. కొనువాడును ఏ ముద్రను నమ్మవలెనో తెలియక తికమకపడును. కావున కొత్త ముద్రను పుట్టించుటకంటె ఉన్న ముద్రలో చేరుట మేలని పలు దేశములకు తోచెను. 1995 అక్టోబరులో జపాను వాణిజ్య పరిశ్రమల మంత్రిత్వశాఖ అమెరికాతో కలిసి ‘అంతర్జాతీయ ఎనర్జీ స్టార్’ కార్యక్రమమును ప్రారంభించెను. కార్యాలయ యంత్రముల నిర్మాణమున జపాను అగ్రగణ్య దేశములలో నొకటి గనుక ఈ చేరికకు విలువ ఎక్కువ. తరువాత కొలది సంవత్సరములలో ఆస్ట్రేలియా, న్యూజిలాండు, తైవాను, కెనడాలును చేరినవి.

అన్నిటికంటె పెద్ద మెట్టు ఐరోపా చేరుట. ఐరోపావారికి గృహోపకరణముల మీద తరగతుల చీటిని నిర్బంధము చేయు చట్టము 1992నుండి కలదు. కాని అది కంప్యూటర్లకు వర్తింపలేదు. 2000 డిసెంబరు 19వ తేదీన వాషింగ్టను నగరమున అమెరికాకును ఐరోపా సమాజమునకును నడుమ కార్యాలయ యంత్రముల ముద్రను గూర్చి ఒడంబడిక జరిగెను. 2001 జూనులో అది అమలులోనికి వచ్చెను. దాని ప్రాణము ఒక్క వాక్యమున చెప్పవచ్చును: ఒక పక్షమువారు నమోదు చేసికొన్న యంత్రమును రెండవ పక్షమువారు మరల పరీక్షింపక అంగీకరింపవలెను. హద్దులను మాఱ్పవలెనన్న ఇరువురును సంప్రదించుకొనవలెను. ఐదేండ్ల గడువు ముగియగా 2006 డిసెంబరులో దానిని మరల వ్రాసికొనిరి. 2008లో ఐరోపా శాసనమొకటి, సభ్యరాజ్యముల కేంద్ర ప్రభుత్వ శాఖలు కొను కార్యాలయ యంత్రములు పెద్ద కొనుగోళ్లలో ఈ హద్దులకు తగ్గరాదని విధించెను. అమెరికాలో పదునైదేండ్ల క్రిందట ఫలించిన ఉపాయమే ఇచ్చటను ప్రయోగించిరన్నమాట.

దేశములు కలిసి ఒక ముద్రను వాడుట సంతకములతో ముగియు పని కాదు. కొలత ఒక్కటి కావలెను. అమెరికాలో గోడనుండి వచ్చు విద్యుత్తు 115 వోల్టులు, ఐరోపాలో 230, జపానులో 100. ఆవృత్తులు ఒకచోట 60, ఒకచోట 50. జపానులోనైతే తూర్పున 50, పడమట 60. ఒకే యంత్రము వేర్వేరు విద్యుత్తులపై వేర్వేరుగా ఖర్చు చూపవచ్చును. అందుచేత ఏ దేశమున అమ్మదలచిన, ఆ దేశపు విద్యుత్తుపై, నిర్ణీతమైన వేడిమి గల గదిలో, నిర్ణీతమైన పద్ధతిలో కొలువవలెనని నియమములు వ్రాసిరి.

కొలిచెడి వస్తువును కూడ మాఱ్చిరి. మొదట నిద్రలోని వాట్లు మాత్రమే చూచెడివారు. కాని నిద్రలో మితముగా తిని, మెలకువలో అమితముగా తిను యంత్రమునకు ముద్ర వేయుట తగునా? అందుచేత 2007నుండి కాపీ యంత్రములకు, ప్రింటర్లకు వారమంతటి సగటు వాడుకను యూనిట్లలో కొలుచు పద్ధతి వచ్చెను. 2009లో కంప్యూటర్లకు సంవత్సరమంతటి లెక్క వచ్చెను. నిద్రయు, మెలకువయు, ఊరకయుండుటయు అన్నియు అందు చేరినవి. యంత్రము కర్మాగారమునుండి వచ్చునపుడే నిద్ర అలవాటు చేసి పంపవలెననియు, పావుగంట ఎవ్వరును తాకనిచో తెరయు, అరగంటకు కంప్యూటరును విశ్రమింపవలెననియు నియమించిరి. నిద్రపోయిన కంప్యూటరు దూరపు తంతులకు జవాబు చెప్పదని పలు కార్యాలయములవారు ఆ అలవాటునే మాన్పించుచుండిరి గనుక ఈ నియమము అవసరమయ్యెను.

ఇంతవఱకు కథ ఉత్సాహముగా సాగినది. అయితే మొదట అడిగిన ప్రశ్న మిగిలియున్నది. కొనువానికి, అమ్మువానికి నడుమ నిలిచిన మూడవవాడెక్కడ? ఈ ముద్రలో చాలకాలము అట్టివాడు లేడు. నిర్మాత తన యంత్రమును తానే కొలిచి, హద్దులో నున్నదని తానే వ్రాసి పంపిన చాలును. తూనికరాతిని అంగడివాడే తూచి, తానే ముద్ర వేసికొనుట వంటిది. పెద్ద సంస్థలు తమ పేరు చెడునని భయపడి సాధారణముగా నిజమే చెప్పునని ఈ పద్ధతిపై నమ్మకము.

2010 మార్చిలో ఆ నమ్మకము కదలినది. అమెరికా ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేయు కార్యాలయమువారు కొన్ని దొంగపేర్లతో లేని సంస్థలను సృష్టించి, లోకములో లేని ఇరువది వస్తువులకు ముద్ర కోరుచు దరఖాస్తులు పంపిరి. పదునైదింటికి ముద్ర లభించెను! అందొకటి పెట్రోలుతో నడచు అలారం గడియారము. ఇంకొకటి గదిలోని గాలిని శుద్ధిచేయు యంత్రమట. దాని చిత్రమును చూచిన, ఈకల దుమ్ముకుంచెను అంటించిన గదిహీటరు. రెండు దరఖాస్తులు మాత్రమే తిరస్కరింపబడెను. ఆ వస్తువులు బజారుకు రాలేదు గనుక కొనువా రెవ్వరును మోసపోలేదు. కాని మోసము చేయదలచిన వానికి అడ్డు లేదని లోకమంతటికి తెలిసిపోయెను.

పర్యావరణ పరిరక్షణ సంస్థవారు వెంటనే మేల్కొనిరి. 2011 ప్రారంభము నుండి అమెరికాలో ముద్ర కావలెనన్న, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష జరిగి, వేఱొక ప్రామాణిక సంస్థ ధ్రువపఱుపవలెనని నిర్ణయించిరి. నడుమ నిలువవలసిన మూడవవాడు ఇరువది యేండ్లకు సమీపించిన తరువాత వచ్చెను. ముద్ర గౌరవము నిలిచినది.

కాని ఆ మందే వేఱొక బాధను తెచ్చినది. ఐరోపావారు ఈ మాఱ్పునకు సమ్మతింపలేదు. బయటి పరీక్షలవలన ఖర్చును, కాలహరణమును పెరుగుననియు, నిర్మాత స్వయముగా ప్రకటించుటయు, అనుమానము కలిగినపుడు ప్రభుత్వములు తనిఖీ చేయుటయు చాలుననియు వారి వాదము. ఎవరి వాదమున వారికి న్యాయమున్నది. కాని ఒకరు పరీక్షించినదానిని మఱొకరు అంగీకరించుట అను ఒడంబడిక ప్రాణమునకే దెబ్బ తగిలెను. పరీక్షకు నిలిచిన యంత్రమునకును, మాట మీద నమోదైన యంత్రమునకును ఒకే గౌరవమెట్లు? 2013లో అమలునకు వచ్చిన మూడవ ఒడంబడికలో అమెరికాకు ఒక పద్ధతి, ఐరోపాకు ఒక పద్ధతియని వేఱు చేసిరి. చిహ్నమొకటే, దాని వెనుకనున్న సాక్ష్యము రెండు విధములు. ఐదేండ్లకు గడువు తీరెను. 2018 ఫిబ్రవరి 20వ తేదీన ఆ ఒడంబడిక ముగిసెను. మరల సంతకములు జరుగలేదు.

ఇంతటితో ఈ సహకారము వ్యర్థమైనదని తలచుట సరికాదు. ఐరోపా సమాఖ్య 2013లో కంప్యూటర్ల విద్యుద్వినియోగముపై నిర్బంధ శాసనము చేసినపుడు, సంవత్సరమంతటి వాడుకను లెక్కించు పద్ధతిని ఈ ముద్ర నియమములనుండియే గ్రహించెను. ముద్ర పోయినను దాని గజపుబద్ద చట్టమున నిలిచెను. కంప్యూటర్ల వాడుకను కొలుచుటకు అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 2012లో ఒక ప్రమాణమును ప్రకటించినది. ఇక ఊరకున్న యంత్రము ఒక వాట్టుకు మించి వాడరాదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో చేసిన సూచనను చూడుడు. అది 2001లో అమెరికా ప్రభుత్వ కొనుగోళ్ల నియమమయ్యెను. 2010నుండి ఐరోపాలో గృహ, కార్యాలయ యంత్రములలో అనేకమునకు చట్టమయ్యెను. 2013లో అర వాట్టునకు దిగెను. 30 వాట్ల నిద్రయే గొప్పయని సంతోషించిన కాలమునుండి ఎంత దూరము వచ్చితిమో ఈ అంకెలే చెప్పగలవు.

నేడు ఎవరి యింట నైనను కంప్యూటరు కొంతసేపటికి తనంతట తాను తెర నార్పుకొని విశ్రమించుచున్న, దానిని మనము యంత్రపు సహజ గుణమని భావించుచున్నాము. అది సహజ గుణము కాదు. అడిగినవారుండుటచే వచ్చిన గుణము. అధికారులు, ఉద్యోగ సంఘములు, నిర్మాతలు, పలు ప్రభుత్వములు కలిసి అడిగిరి. వారు కలిసి నడచినంత కాలము ఒకే కొలతను నమ్మిరి. సాక్ష్యమును గూర్చి ఏకాభిప్రాయము తప్పిన నాడు విడిపోయిరి. దేశముల నడుమ ఒడంబడికలు వ్రాయువారు మొట్టమొదట తేల్చుకొనవలసినది, కొలిచిన దానిని ఎవరు చూచి అవుననవలెనన్న సంగతి. ఈ ముద్ర విషయమున అది తేలుటకు ఇరువది యేండ్లు పట్టినది. తేలునప్పటికి ఇరుపక్షముల దారులు వేఱైనవి.